ఆలస్యమయ్యే కొద్దీ పెరిగే పని: ఏ గుంపు ముందు, ఏ సెట్టు ముందు?

ప్రశ్న: ఒక మధ్యతరహా ఆసుపత్రిలో శస్త్రచికిత్స పరికరాలను కడిగి, శుద్ధిచేసి పంపే సీఎస్‌ఎస్‌డీ విభాగంలో సాయంత్రం షిఫ్టు చూస్తున్నాను. థియేటర్లన్నీ ఇంచుమించు ఒకే వేళకు ముగుస్తాయి కాబట్టి సెట్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. చేత్తో తోమి కడిగే సింకు ఒకటే, మనిషీ ఒక్కరే. ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే శస్త్రచికిత్స) పరికరాలు, సాధారణ సర్జరీ సెట్లు, వార్డుల డ్రెస్సింగ్ సెట్లు ఈ మూడింటినీ కలపకుండా కడగాలన్నది మా నియమం. గుంపు మారినప్పుడల్లా సింకు ఖాళీ చేసి, శుభ్రపరచి, ద్రావణం కొత్తగా కలిపి, బ్రష్షులు మార్చుకోవాలి. ఆలస్యమయ్యే కొద్దీ రక్తం ఎండిపోయి ఒక్కో సెట్టుకు పట్టే సమయం పెరుగుతోంది. చిన్న పనులు ముందు ముగించుకుందామని మేము వార్డు సెట్లతో మొదలుపెడుతున్నాం. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి దీనికి ఒక లెక్క ఉందంటున్నాడు. నిజంగా ఉందా? ఉంటే మాలాంటివాళ్లం వాడుకోగలమా?

సమాధానం: ఉంది, మీరు వాడుకోగలరు కూడా. ఒక్కో సెట్టుకు ఒక భాగహారం, ఒక్కో గుంపుకు మరో భాగహారం చేయగలిగితే చాలు. దానికి కంప్యూటరు అక్కరలేదు. మీ అబ్బాయి చెప్పినదాన్ని పాఠ్యపుస్తకాల్లో ఒకే యంత్రం మీద గుంపులవారీ పనుల క్రమం నిర్ణయించడం అంటారు. మొదలుపెట్టే వేళను బట్టి పనికి పట్టే సమయం మారడం అందులో అదనపు చిక్కు. మీ విషయంలో యంత్రమంటే ఆ సింకు, దాని ముందు నిలబడిన మనిషి.

ముందుగా చిన్న పని ముందు అన్న మీ అలవాటు గురించి చెప్పాలి. అది తప్పుడు నియమమేమీ కాదు. పనులకు పట్టే సమయం ఎప్పుడు చేసినా ఒకటే అయినప్పుడు, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా చేసుకుపోతే ఒక్కో పని సగటున ఎంత త్వరగా చేతికి వస్తుందన్న లెక్కలో అంతకన్నా మంచి క్రమం లేదని వేన్ స్మిత్ అనే పరిశోధకుడు 1956లో నిరూపించారు. అయితే అలాంటి పనుల్లో ఆఖరి పని ముగిసే వేళ క్రమం మీద అసలు ఆధారపడదు. ఏ వరుసలో చేసినా మొత్తం మొత్తమే. మీ సింకు దగ్గర ఈ రెండో మాట చెల్లదు. అక్కడ ఆలస్యమే కొత్త పనిని పుట్టిస్తుంది కాబట్టి, క్రమం మారితే షిఫ్టు ముగిసే వేళ కూడా మారుతుంది. అందువల్ల మీకు కావలసింది షిఫ్టు త్వరగా ముగియడమా, లేక సెట్లు ఒక్కొక్కటిగా త్వరగా, ఆవిరి వేడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌కు చేరడమా అన్నది ముందే తేల్చుకోవాలి. ఈ రెండు కోరికలకూ జవాబులు వేరు. మీ ఉత్తరం చదివితే మొదటిదే మీ బాధ అనిపించింది, కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ప్రతి సెట్టుకూ రెండు అంకెలు కావాలి. థియేటర్ నుంచి రాగానే కడిగితే పట్టే నిమిషాలు మొదటిది. దాన్ని మూల సమయం అందాం. ఒక్కో నిమిషం ఆలస్యానికి కడిగే సమయం ఎంత పెరుగుతుందన్నది రెండోది. దాన్ని పెరుగుదల రేటు అందాం. ఈ రెండూ ఊహించి రాసుకోవలసినవి కావు. ఒక నోటు పుస్తకంలో సెట్టు పేరు, వచ్చిన వేళ, సింకులో వేసిన వేళ, తీసిన వేళ కొన్నాళ్లపాటు రాస్తే అవే బయటపడతాయి. ఉదాహరణకు, ఒక సెట్టు వెంటనే కడిగినప్పుడు 20 నిమిషాలు, రెండు గంటలు ఆగి కడిగినప్పుడు 32 నిమిషాలు పట్టిందనుకోండి. 120 నిమిషాల ఆలస్యానికి 12 నిమిషాలు పెరిగాయి కాబట్టి రేటు 0.10. ఒక్క జత కొలతలను నమ్మకుండా నాలుగైదు రోజుల సగటు తీసుకోవడం మేలు, ఎందుకంటే కడిగే మనిషి అలసట కూడా ఈ అంకెల్లో కలిసిపోతుంది.

ఇక నియమం ఇది: మూల సమయాన్ని పెరుగుదల రేటుతో భాగించి, వచ్చిన నిష్పత్తి తక్కువగా ఉన్న సెట్టును ముందు కడగాలి. కారణం కూడా తేలికే. పక్కపక్కనే ఉన్న రెండు సెట్లను తీసుకోండి. మొదటిది ముందు కడిగితే, దాని మూల సమయమంతా రెండోది ఎండుతూ కూర్చుంటుంది. అంటే మొదటిదాని మూల సమయాన్ని రెండోదాని రేటుతో గుణించినంత అదనపు పని పుడుతుంది. వరుస తిప్పితే రెండోదాని మూల సమయాన్ని మొదటిదాని రేటుతో గుణించినంత పుడుతుంది. తక్కినదంతా రెండు వరుసల్లోనూ సమానమే. ఈ రెండు గుణకారాల్లో చిన్నదాన్ని ఎంచుకోవడమంటే నిష్పత్తి తక్కువున్నదాన్ని ముందు పెట్టడమే. సిడ్ బ్రౌన్, ఉరి యెచియాలి అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన వ్యాసంలో ఈ నియమం కనిపిస్తుంది. ఇందులో గమనించవలసిన విషయం, ఆ పోలికలో గడియారం ఎంత చూపిస్తోందన్న ప్రస్తావనే లేకపోవడం. సాయంత్రం ఆరుకైనా తొమ్మిదికైనా ఆ రెండు సెట్ల మధ్య జవాబు ఒకటే. అందుకే ఈ క్రమాన్ని ఒకసారి లెక్కగట్టి గోడకు అంటించుకోవచ్చు.

సాధారణ సర్జరీ గుంపులో మూడు సెట్లు ఉన్నాయనుకుని చూద్దాం. ఇక్కడి నుంచి వచ్చే అంకెలన్నీ వివరణ కోసం నేను ఎంచుకున్నవే. మీ పుస్తకంలోని అంకెలు వీటి స్థానంలోకి రావాలి. మొదటిది 20 నిమిషాల సెట్టు, రేటు 0.10, నిష్పత్తి 200. రెండోది 12 నిమిషాల చిన్న సెట్టు, తేలిగ్గా శుభ్రమయ్యే రకం, రేటు 0.02, నిష్పత్తి 600. మూడోది సక్షన్ గొట్టాలున్న 30 నిమిషాల సెట్టు, రేటు 0.20, నిష్పత్తి 150. మీ అలవాటు ప్రకారం 12, 20, 30 వరుసలో కడిగితే 70వ నిమిషానికి ముగుస్తుంది. నియమం ప్రకారం గొట్టాల సెట్టు ముందు, 20 నిమిషాలది తర్వాత, చిన్నది ఆఖరున కడిగితే 66వ నిమిషానికే ముగుస్తుంది. మూడు సెట్లకే నాలుగు నిమిషాలు మిగిలాయి.

అయితే ఇదే ఉదాహరణలో రెండో కోరిక ఏమైందో కూడా చూడండి. చిన్నది ముందు పద్ధతిలో సెట్లు 12, 33, 70 నిమిషాలకు బయటికి వస్తాయి, సగటు సుమారు 38. నియమం ప్రకారం 30, 53, 66 నిమిషాలకు వస్తాయి, సగటు సుమారు 50. అంటే షిఫ్టు ముందే ముగిసింది గానీ, సగటున ఒక్కో సెట్టు ఆలస్యంగా అందింది. ఆటోక్లేవ్ ఖాళీగా ఉండి, దానికి త్వరత్వరగా సరుకు అందించడమే మీ అవసరమైతే మీ పాత అలవాటే మెరుగు కావచ్చు. సాధారణంగా అన్ని సెట్లూ కలిపి ఒకే విడతగా ఆటోక్లేవ్‌లో వేసే చోట్ల ఆఖరి సెట్టు వేళే ముఖ్యం. సగటును తగ్గించే సమస్యకు, సెట్ల రేట్లు వేరువేరుగా ఉన్నప్పుడు, ఇంత సూటి నియమం లేదు. మూల సమయాలన్నీ సమానమైన ప్రత్యేక సందర్భంలో కూడా, అన్నిటికన్నా పెద్ద రేటున్న పనితో మొదలుపెట్టి, రేట్లు కొంతదూరం తగ్గుతూ వచ్చి మళ్లీ పెరగాలని, అంటే వరుస ఒక లోయ ఆకారంలో ఉండాలని మాత్రమే గుర్ మోషెయోవ్ అనే పరిశోధకుడు 1991లో చూపించారు. ఏ పని లోయకు ఏ పక్కన ఉండాలన్నది మళ్లీ వెతుక్కోవలసిందే.

ఇప్పుడు మీ ప్రశ్నలోని అసలు చిక్కు అయిన గుంపుల దగ్గరికి వద్దాం. ఒకే రకం అమరిక కోరే పనులను విడదీయకుండా కలిపి చేసి, అమరిక మార్చే సమయాన్ని ఆదా చేసుకోవాలన్న ఆలోచనను 1950లలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో మిత్రోఫానోవ్ అనే ఇంజనీరు యంత్ర భాగాల తయారీ కోసం ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. మీ ఆసుపత్రి నియమానికి కారణం వేరే, శుభ్రత; కానీ లెక్కలోకి వచ్చేసరికి రెండూ ఒకటే. గుంపును మొదలుపెట్టే ముందు కొంత సర్దుబాటు సమయం, ఆ తర్వాత గుంపులోని సెట్లన్నీ వరుసగా.

ఇక్కడే ఈ లెక్కలోని అందమైన భాగం ఉంది. ఆలస్యమనేది చక్రవడ్డీ వంటిది. ఒక సెట్టును కడగడమంటే అప్పటిదాకా గడిచిన సమయాన్ని ఒకటికి దాని రేటు కలిపిన అంకెతో గుణించి, దానికి మూల సమయాన్ని కూడటమే. గడిచినది 50 నిమిషాలు, రేటు 0.20, మూలం 30 అయితే, 50ని 1.20తో గుణించి 30 కూడితే 90వ నిమిషానికి ఆ సెట్టు ముగుస్తుంది. అలాంటి గుణకారం, కూడిక మీద మరొక గుణకారం, కూడిక చేస్తే చివరికి మిగిలేది కూడా ఒక గుణకారం, ఒక కూడికే. అందువల్ల సర్దుబాటుతో సహా ఒక గుంపు మొత్తం ఒకే ఒక పెద్ద సెట్టులాగా ప్రవర్తిస్తుంది. దానికీ ఒక మూల సమయం ఉంటుంది. ఆ గుంపును షిఫ్టు ఆరంభంలోనే మొదలుపెడితే ముగిసే నిమిషమే అది. దానికీ ఒక రేటు ఉంటుంది. గుంపులోని ఒక్కో సెట్టు రేటుకు ఒకటి కలిపి, అన్నిటినీ గుణించి, వచ్చినదానిలోంచి ఒకటి తీసేస్తే అది వస్తుంది. గుంపులోపలి వరుసను ఎలా మార్చినా ఈ రేటు మారదు, మూల సమయం మాత్రమే మారుతుంది. కాబట్టి ముందు గుంపులోపల నిష్పత్తుల ప్రకారం వరుస పెట్టి మూల సమయాన్ని వీలైనంత తగ్గించి, ఆ తర్వాత గుంపులను వాటి వాటి నిష్పత్తుల ప్రకారం వరుస పెడితే, ఆఖరి పని ముగిసే వేళ విషయంలో అంతకన్నా మంచి క్రమం ఉండదు.

మీ మూడు గుంపులకు దీన్ని వేసి చూద్దాం. సాధారణ సర్జరీకి సర్దుబాటు 10 నిమిషాలు అనుకుంటే, పైన చెప్పిన మూడు సెట్లతో కలిపి దాని మూల సమయం 79.5 నిమిషాలు అవుతుంది. రేటు కోసం 1.20, 1.10, 1.02లను గుణించి ఒకటి తీసేస్తే 0.346 వస్తుంది, నిష్పత్తి సుమారు 230. వార్డుల గుంపులో రెండు సెట్లు, 10 నిమిషాలది ఒకటి, 15 నిమిషాలది ఒకటి, రెండింటికీ రేటు 0.05, సర్దుబాటు 10 అనుకుంటే, మూలం 36.5, రేటు 0.1025, నిష్పత్తి సుమారు 356. ల్యాప్రోస్కోపీ పరికరాలు విడదీసి కడగవలసినవి, సన్నని పొడవాటి గొట్టాల లోపల ఎండితే చాలా మొండివి. 25 నిమిషాల సెట్టుకు రేటు 0.25, 40 నిమిషాల సెట్టుకు 0.30, సర్దుబాటు 20 అనుకుంటే, మూలం 105, రేటు 0.625, నిష్పత్తి 168. కాబట్టి క్రమం ల్యాప్రోస్కోపీ, సాధారణ సర్జరీ, వార్డులు. పని 280వ నిమిషానికి ముగుస్తుంది. గుంపుల లోపల సరైన వరుసే పాటించి, గుంపులను మాత్రం మీ అలవాటు ప్రకారం చిన్నదాని నుంచి పెద్దదానికి తీసుకుంటే 314వ నిమిషానికి ముగుస్తుంది. సుమారు 34 నిమిషాల తేడా గుంపుల వరుస ఒక్కదాని నుంచే వచ్చింది.

నిష్పత్తి 600 ఉన్న చిన్న సెట్టును సాధారణ గుంపులోంచి విడదీసి, అన్నిటికన్నా చివర కడిగితే ఇంకా మిగులుతుంది కదా అని మీ అబ్బాయి అడగవచ్చు. అలా చేస్తే వరుసలో మిగిలేది నిమిషం కూడా ఉండదు, సింకు మళ్లీ సర్దుకోవడానికి మాత్రం 10 నిమిషాలు పోతాయి. సర్దుబాటు చాలా స్వల్పమైన చోట్ల గుంపును విడగొట్టడం లాభించవచ్చు గానీ, అప్పుడు ఎక్కడ విడగొట్టాలన్నది వేరే పెద్ద సమస్య అవుతుంది. మీరు దాని జోలికి వెళ్లనక్కరలేదు.

సెట్లన్నీ సరిగ్గా ఒకే నిమిషానికి రావు కాబట్టి మరొక సవరణ అవసరం. మీరు పని మొదలుపెట్టే వేళకే ఒక సెట్టు వచ్చి కొంతసేపు అయిందనుకోండి. దాని నిష్పత్తికి అప్పటిదాకా అది ఆగిన నిమిషాలను కూడితే సరిపోతుంది. గంట క్రితం వచ్చిన సెట్టుకు 200 ఉంటే 260 అవుతుంది. అంటే ఒకే రకం సెట్లు రెండున్నప్పుడు, షిఫ్టు త్వరగా ముగియాలంటే తర్వాత వచ్చినదాన్నే ముందు కడగాలని లెక్క చెబుతుంది. ముందొచ్చినది ముందు అన్న న్యాయానికి ఇది ఎదురుగా ఉంది. పాతది ఎలాగూ ఎండింది, తాజాది ఎండకుండా కాపాడుకోమన్నది దాని తర్కం. ఈ ఒక్క చోట మాత్రం లెక్క మాట వినవద్దనే నా సలహా. ఎక్కువసేపు రక్తం, సెలైన్ అంటి ఉన్న స్టీలు మీద గుంటలు పడతాయి, తుప్పు పడుతుంది. మురికి మీద సూక్ష్మజీవుల పొర కూడా గట్టిపడుతుంది. ఏ సెట్టూ ఇన్ని గంటలకు మించి ఆగకూడదని మీ విభాగం పెట్టుకున్న పరిమితి ఉంటే అది ఈ నిష్పత్తులన్నిటికన్నా పైది.

ఇంత చెప్పాక, క్రమం కన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని మరొకటి ఉందని కూడా చెప్పాలి. రేటును తగ్గించడమే ఆ పని. శస్త్రచికిత్స ముగిసిన చోటే, థియేటర్‌లోనే పరికరాల మీది రక్తాన్ని తడిగుడ్డతో తుడిచి, గొట్టాల్లోంచి నీరు పంపి, తడి ఆరకుండా ఎంజైమ్ నురుగు చల్లి, మూతపెట్టి పంపితే సెట్లు మీ దగ్గర ఎండవు. తొలి కడుగు వేడినీళ్లతో చేయకూడదని మీకు తెలిసే ఉంటుంది. వేడికి రక్తంలోని ప్రోటీను గడ్డకట్టి లోహాన్ని పట్టుకుంటుంది. ఈ జాగ్రత్తలతో అన్ని రేట్లూ సగానికి తగ్గాయనుకుంటే, పైన చెప్పిన 314 నిమిషాల వరుసే 247 నిమిషాలకు ముగుస్తుంది. అంటే గుంపుల వరుసను అలాగే వదిలేసి రేట్లను తగ్గించినా, పాత రేట్లతో సరైన వరుస ఇచ్చే 280 కన్నా అది మేలు. రెండూ కలిస్తే 231. కాబట్టి ఈ జవాబు కాగితాన్ని మీరు ముందు థియేటర్ నర్సింగ్ ఇన్‌ఛార్జికి చూపించండి. మీ షిఫ్టులో మిగిలే సమయంలో పెద్ద భాగం ఆవిడ చేతిలోనే ఉంది.

ఈ లెక్కకు ఉన్న హద్దులు కూడా తెలుసుకుని వాడాలి. ఆలస్యానికి తగినట్టు సమయం సమంగా పెరుగుతుందని మనం అనుకున్నాం. కొన్ని గంటల వరకు ఆ ఊహ పనికొస్తుంది. పూర్తిగా ఎండిన తర్వాత ఇంకా ఎండేది ఉండదు కాబట్టి ఆ పైన పెరుగుదల నెమ్మదిస్తుంది. కొంతసేపటి వరకు అసలు తేడా లేకుండా, ఒక వేళ దాటాక ఒక్కసారిగా ఎగబాకే రకం పనులైతే ఈ భాగహారం పనిచేయదు, ఆ రకం సమస్యలు లెక్కలోనూ కష్టమైనవే. మీ పుస్తకంలోని కొలతలు అలాంటి మెట్టును చూపిస్తే, ఆ మెట్టు రాకముందే ఏయే సెట్లు సింకులో పడాలో విడిగా రాసుకోండి. పై ఉదాహరణలోని ఏడు సెట్లకు గుంపుల నియమం పాటిస్తే సాధ్యమైన వరుసలు మొత్తం 144 మాత్రమే. మీ అబ్బాయి ఒక స్ప్రెడ్‌షీటులో అన్నిటినీ వేసి చూడగలడు. సగటు ఆలస్యం తగ్గించాలన్నా, ఆఖరి వేళ తగ్గించాలన్నా, రెండూ కలిపి చూడాలన్నా అదే షీటు జవాబు చెబుతుంది.

కంటి ఆపరేషన్ల పరికరాలు ఎప్పుడైనా మీ దగ్గరికి వస్తే వాటిని ఈ వరుసలో కలపవద్దు. శుక్లాల శస్త్రచికిత్సలో వాడే జిగురు వంటి పదార్థం సన్నని గొట్టాల్లో త్వరగా బిగుసుకుపోతుంది కాబట్టి వాటిని అక్కడికక్కడే కడగాలి. వాటికి ఎంజైమ్ ద్రావణం వాడవచ్చా లేదా అన్నది తయారీదారు సూచనలను బట్టే నిర్ణయించాలి, ఎందుకంటే మిగిలిపోయిన ద్రావణం కంటిలో వాపు తెస్తుంది. అలాగే, రాత్రికి సిజేరియన్ సెట్టు ఒక్కటే మిగిలి, ఇంకొకటి మురికిగా మీ బల్ల మీద ఉంటే, దాని నిష్పత్తి ఎంతైనా సరే దాన్నే ముందు కడగండి. అది సాధారణ గుంపులోనిదే కాబట్టి, దాని వెంటే ఆ గుంపు మొత్తం ముగించి, ఆ తర్వాత ల్యాప్రోస్కోపీకి వెళ్లండి. మధ్యలో గుంపు మార్చితే సింకు సర్దుకోవడం ఒకసారి ఎక్కువవుతుంది.